రెండేళ్ల ఎం.కాం. నాకు నాలుగేళ్లు పట్టింది

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. డిగ్రీ అయిన పదహారేళ్లకు, మా పాప ఎనిమిదో తరగతిలో ఉండగా, దూరవిద్యలో ఎం.కాం.కు కట్టాను. ఇప్పుడు పాప ఇంటర్ సెకండియర్. నా పట్టా మొన్న చేతికొచ్చింది.

దూరవిద్య మనకు కొత్తేం కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పెట్టారు, ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్నది అదే. దాని తొలి వైస్‌చాన్సలర్ జి. రాంరెడ్డి గారే తర్వాత ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ (ఇగ్నో) తొలి వైస్‌చాన్సలర్. నేను ఏ యూనివర్సిటీలో చదివానన్నది మాత్రం ఇక్కడ అనవసరం.

"మీకు వీలున్నప్పుడు చదువుకోండి" అంటారు. అందులో సగమే నిజం. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. మా కోర్సు 80 క్రెడిట్లు, అంటే 2400 గంటలు. వంటా గిన్నెలూ అయ్యాక నాకు దొరికేది రోజుకు గంటన్నర. 1600 రోజులు! ఈ భాగహారం చేరకముందు చేసుకోలేదు, లెక్కల మనిషినయ్యుండీ.

ఇంకో చిక్కు, మా పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. సరిగ్గా యాసంగి వడ్లు, వానాకాలం వడ్లు మిల్లుకొచ్చే రోజులు. గేటు దాకా లారీలు, తేమ 17 శాతం దాటిందని కాటా దగ్గర గొడవలు. సెలవడిగితే మా సేటు, "పరీక్ష మళ్లొస్తది అమ్మా, వడ్లు మళ్లొస్తయా?" అన్నాడు. ఫీజు కట్టి కూడా రెండుసార్లు పరీక్షకు పోలేదు. రెండేళ్ల కోర్సును నాలుగేళ్ల దాకా పూర్తిచేసుకునే గడువు లేకపోతే నా చదువు అక్కడే ఆగిపోయేది.

పుస్తకాలకు మాత్రం వంక పెట్టలేను. కాస్ట్ అకౌంటింగ్‌లో ఉమ్మడి ఉత్పత్తుల పాఠం ఒక రాత్రి చదువుతుంటే నవ్వొచ్చింది. వడ్లు ఆడిస్తే బియ్యంతో పాటు నూకలు, తవుడు, ఊక వస్తాయి కదా. అయిన ఖర్చును వీటి మధ్య ఎలా పంచాలన్నదే ఆ పాఠం. పదహారేళ్లుగా నేను తవుడు డబ్బును 'ఇతర ఆదాయం' కింద రాస్తున్నాను. అది తప్పేం కాదట, అదీ ఒక పద్ధతే. కానీ ఆ డబ్బును ఖర్చులోంచి తీసేసి చూస్తే క్వింటాలు బియ్యం ఎంతకు పడుతుందో ఆ రాత్రే మొదటిసారి లెక్కేశాను. పొద్దున సేటుకు చూపిస్తే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. జీతం సంగతి ఎత్తలేదు!

నేను అసలు భయపడని చోట దెబ్బ తగిలింది. రోజంతా కంప్యూటర్‌లో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో టకటకలాడే వేళ్లు, మూడు గంటలు పెన్ను పట్టమంటే మొరాయించాయి. మొదటి పరీక్షలో మూడో ప్రశ్నకే బొటనవేలు కొయ్యలా బిగుసుకుపోయింది, అయిదోది సగంలో వదిలేశాను. తర్వాత రోజూ రాత్రి ఫోన్‌లో నలభై నిమిషాలు టైమర్ పెట్టుకుని పాత పేపర్లలోంచి ఒక జవాబు రాసేదాన్ని. పాప వచ్చి, "అమ్మా, నీ రాత డాక్టర్ చీటీలా ఉంది" అనేది. బాల్ పెన్ను మానేసి జెల్ పెన్ను పట్టాక చెయ్యి కాస్త తేలికపడింది.

స్టడీ సెంటర్ల సంగతి అదృష్టం. మా దాంట్లో నేనిచ్చిన రెండు అసైన్‌మెంట్ల మార్కులు ఎనిమిది నెలలు ఎక్కలేదు. "మళ్లీ రాసిచ్చేయండి మేడం, అదే సులువు" అన్నాడు అక్కడి గుమాస్తా. స్టాంపు వేసిన రసీదు దాచుకున్నాను కాబట్టి బతికిపోయాను. ఆదివారం క్లాసులకు అయిదారుగురికి మించి వచ్చేవాళ్లు కాదు. అయినా నేను మానలేదు, పేపర్లో ఏది ఎలా అడుగుతారో తెలిసేది అక్కడే.

చేరేముందు ఆ కోర్సుకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) దూరవిద్యా బ్యూరో గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. గుర్తింపు ఉంటే పట్టా రెగ్యులర్‌తో సమానమేనని 2022లో యూజీసీ స్పష్టంగానే చెప్పింది. మా బంధువుల్లో కొందరికి ఇప్పటికీ అది ఎక్కదు, అది వేరే విషయం.

"అక్కా, నన్నూ చేరమంటావా?" అని పక్క మిల్లు అమ్మాయి అడుగుతోంది. జూన్‌లో, డిసెంబర్‌లో సెలవిస్తారేమో ముందు మీ సేటును అడిగి రమ్మన్నాను.