4060 లావుదా, 4070 సన్నదా: ఏది మేలు?

మా చిన్నాన్న కొడుకు పది రోజులుగా రెండు గేమింగ్ ల్యాప్‌టాప్‌ల మధ్య ఊగుతున్నాడు. ఒకటి లావుగా ఉంటుంది, తూకం రెండున్నర కిలోల పైనే. అందులో ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ చిప్, ఇంటెల్ ఐ7 13650హెచ్‌ఎక్స్ ప్రాసెసర్, 1920×1200 స్క్రీన్. రెండోది సన్నది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, సుమారు రెండు కిలోలు, అందులో ఆర్‌టీఎక్స్ 4070, రైజెన్ 7 8845హెచ్‌ఎస్, 2560×1600 స్క్రీన్. రెండూ 16 అంగుళాలవే, ర్యామ్ రెండింట్లోనూ 16 జీబీ. సన్నదానికి డబ్బు బాగా ఎక్కువ పెట్టాలి. "అన్నా, 60 కంటే 70 పెద్దది కదా, ఇంకా ఆలోచించేదేముంది" అంటాడు వాడు. ఉంది కాబట్టే ఇంత రాస్తున్నాను.

ముందు ఆ 70 సంగతి చూద్దాం. డెస్క్‌టాప్‌లో పెట్టుకునే 4070లో 5888 కూడా కోర్లు, 12 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉంటాయి (కూడా అని తెలుగులో రాస్తే వింతగా ఉంది గానీ, ఎన్‌విడియా వాళ్లు తమ కోర్లకు పెట్టుకున్న పేరే అది). ల్యాప్‌టాప్ 4070లో ఉండేవి 4608 కోర్లు, 8 జీబీ. పేరు అదే, లోపలి చిప్ వేరే. మరి ల్యాప్‌టాప్ 4060లో? 3072 కోర్లు, మెమరీ మళ్లీ అదే 8 జీబీ, ఆ మెమరీకి వెళ్లే దారి కూడా రెండింటికీ ఒకటే వెడల్పు, 128 బిట్. అంటే పనివాళ్లు సరిగ్గా ఒకటిన్నర రెట్లు పెరిగారు, గోడౌను మాత్రం అంతే ఉంది.

ఈ గోడౌను విషయం మావాడికి అస్సలు ఎక్కలేదు, చాలామందికి ఎక్కదు, ఎందుకంటే మెమరీ సరిపోయినంతసేపూ దాని ఊసే ఎవరికీ గుర్తుకురాదు. గేములో గోడలు, బట్టలు, ముఖాలు అన్నిటికీ పూసే టెక్స్‌చర్లు ఆ 8 జీబీలోనే కూర్చోవాలి, అది నిండిపోతే మిగతావి మామూలు ర్యామ్‌లోకి పోయి అక్కడి నుంచి నత్తనడకన వస్తుంటాయి, అప్పుడు ఎన్ని కోర్లున్నా బొమ్మ ఒక్కసారిగా ఆగి, మళ్లీ ఉరికి, మళ్లీ ఆగుతుంది. 2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు 8 జీబీ కార్డుల వాళ్లకి సరిగ్గా ఇదే చుక్కలు చూపించింది, తర్వాత ప్యాచులతో కాస్త సర్దారు. స్క్రీన్ పెద్ద రిజల్యూషన్ అయితే, వెలుతురు, నీడలు నిజంలా కనబడేలా లెక్కగట్టే రే ట్రేసింగ్ పెడితే, అసలు ఫ్రేముల మధ్య కొత్తవి పుట్టించి చేర్చే ఫ్రేమ్ జనరేషన్ పెడితే మెమరీ ఇంకా తింటుంది. ఈ మూడూ పెట్టుకోవాలన్న ఆశతోనే కదా జనం 70 కొనేది!

కొత్తది ఆగి కొందాం అనుకునేవాళ్లకి కూడా ఒక మాట. 2025లో వచ్చిన ల్యాప్‌టాప్ 5060, 5070ల్లో మెమరీ రకం మారి జీడీడీఆర్7 అయింది గానీ లెక్క మారలేదు, రెండింట్లోనూ 8 జీబీయే. 12 జీబీ కావాలంటే 5070 టీఐకి ఎక్కాలి. అది వేరే మెట్టు, వేరే బడ్జెట్.

ఇక వాట్లు. ఈ రెండు చిప్‌లనూ తయారీదారులు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా పెట్టుకోవచ్చు, పైన ఇంకో 25 దాకా బూస్ట్. కాబట్టి 4070 అని రాసి ఉన్నంత మాత్రాన అది ఏ 4070నో తెలియదు, స్పెసిఫికేషన్ పేజీలో బాగా కిందికి వెళ్లి టీజీపీ (గ్రాఫిక్స్ చిప్‌కి ఇచ్చే కరెంటు, వాట్లలో) ఎంతో చూడాలి. మావాడు చూసిన సన్నదాంట్లో 90 వాట్లు, లావుదాంట్లో బూస్ట్‌తో కలిపి 140. ఇది చూసి నేను ముందు గంతేశాను, లావుదే గెలిచిందని. కానీ నిజం చెప్పాలి కదా, ఈ చిప్‌లు 100 వాట్లు దాటాక పెద్దగా ఇచ్చేదేమీ ఉండదు, 140 అనేది కూడా సగం గోడమీద పోస్టరే. ఒకే స్క్రీన్ సెట్టింగుల్లో పోలిస్తే 90 వాట్ల 4070 ఇప్పటికీ కాస్త ముందే ఉంటుంది. కాస్తే. కోర్ల లెక్క చూసి ఒకటిన్నర రెట్లు అనుకుంటే మాత్రం మోసపోయినట్టే, పూర్తి కరెంటు ఇచ్చినా అంత రాదు.

ఆ కాస్త ముందంజని కూడా దాని స్క్రీనే మింగేస్తుంది, ఇక్కడే ఉంది అసలు తమాషా. 1920×1200 అంటే 23 లక్షల పిక్సెళ్లు. 2560×1600 అంటే దాదాపు 41 లక్షలు. ప్రతి ఫ్రేములోనూ 78 శాతం ఎక్కువ చుక్కలకి రంగు వేయాలి, చేతిలో ఉన్న బలం మాత్రం అంత ఎక్కువ లేదు. సైబర్‌పంక్ 2077 లాంటిది రెండింట్లోనూ వాటి వాటి అసలు రిజల్యూషన్‌లో ఆడితే చవకదే నున్నగా నడుస్తుంది. అప్పుడు సన్నదాంట్లో డీఎల్‌ఎస్‌ఎస్ ఆన్ చేస్తాం, క్వాలిటీ మోడ్‌లో అది సుమారు 1707×1067కి గీసి పెద్దది చేసి చూపిస్తుంది, అది బాగానే ఉంటుంది, నేను వంక పెట్టను. అయితే ఎక్కువ పిక్సెళ్ల స్క్రీన్‌కి డబ్బు పెట్టి, ఆ స్క్రీన్‌ని మోయడానికి పెద్ద చిప్‌కి డబ్బు పెట్టి, చివరికి 18 లక్షల పిక్సెళ్లు గీయించుకుంటున్నాం అన్నది గుర్తుండాలి.

స్క్రీన్ అందం విషయంలో మాత్రం సన్నదే మేలు, వాదన అనవసరం. అక్షరాలు చెక్కినట్టుంటాయి. లావు ల్యాప్‌టాప్‌ల్లో ఒక ఉచ్చు ఉంటుంది, స్క్రీన్ దగ్గర 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని రాసి ఉంటే నేనైతే ఆ పేజీ అక్కడే మూసేస్తాను, ఎరుపు వెలిసిపోయిన ఇటుక రంగులో కనబడుతుంది, చర్మం రంగు జ్వరమొచ్చినట్టుంటుంది. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే) ఉందా లేదా చూసుకుంటే చాలు. మావాడు చూసినదాంట్లో ఉంది, బతికాం. స్క్రీన్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మార్చాలి, 165 హెర్ట్జా 240 హెర్ట్జా అని కూడా అడిగాడు. 60 నుంచి 165కి వెళ్తే ఫ్రేముకి పది మిల్లీసెకన్లు తగ్గుతాయి, అది ఎవరికైనా తెలుస్తుంది. 165 నుంచి 240కి తగ్గేది రెండు మిల్లీసెకన్లు కూడా కాదు. దాని గురించి టెన్షన్ వద్దన్నాను.

వేడి గురించి మాత్రం పుస్తకం రాయగలను. నా పాత ల్యాప్‌టాప్ కూడా సన్నదే, కంపెనీ పేరు ఎందుకులే. మొదటి ఆరు నెలలు స్వర్గం. తర్వాత ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకి ఫ్యాన్లు మిక్సీలా అరిచేవి, పక్క గదిలోంచి "ఏంటా మోత" అని అడిగేవాళ్లు, డబ్ల్యూ కీ మీద వేలు పెడితే చురుక్కుమనేది. డబ్ల్యూ అంటే ముందుకు నడవడం, దాని మీంచి వేలు తీస్తే ఆటే లేదు. 90, 95 డిగ్రీలు చూసి భయపడనక్కర్లేదు, ఈ ప్రాసెసర్లు రెండూ 100 డిగ్రీల దాకా తట్టుకునేలా చేసినవే. చూడాల్సింది అరగంట తర్వాత సంగతి. మొదటి అయిదు నిమిషాల ఫ్రేములు ఎవరైనా ఇస్తారు, అరగంట ఆడాక అవే ఫ్రేములు ఉంటున్నాయా, చిప్ వేడెక్కి వేగం తగ్గించుకుంటోందా అన్నది రివ్యూల్లో వెతకాలి. ఇంకోటి, రివ్యూల్లో చూపించే పెద్ద అంకెలన్నీ టర్బో మోడ్‌లోవి. ఇంట్లో ఆ మోత భరించలేక మనం మామూలు మోడ్‌లో ఆడతాం. లావుదాంట్లో మామూలు మోడ్‌కి వచ్చినా పెద్దగా పోయేది ఉండదు, లోపల గాలి ఆడటానికి చోటుంది. సన్నదాంట్లో పోతుంది. (సన్నది ఇప్పటికే కొన్నవాళ్లకి ఒక చిట్కా: విండోస్ పవర్ సెట్టింగుల్లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 99 శాతం చేయండి, ప్రాసెసర్ బూస్ట్ ఆగి వేడి బాగా తగ్గుతుంది, చాలా గేముల్లో తేడా కూడా తెలీదు.)

నా ఓటు ఎటో తేల్చింది ఇవేవీ కాదు, ర్యామ్. సన్నదాంట్లో ఎల్‌పీడీడీఆర్5ఎక్స్, బోర్డుకే అతికించి ఉంటుంది, కొన్నరోజు ఎంతో పోయేరోజుకీ అంతే. లావుదాంట్లో రెండు స్లాట్లు, స్క్రూలు విప్పి మనమే మార్చుకోవచ్చు. గ్రాఫిక్స్ చిప్ రెండింట్లోనూ మార్చలేం, గ్రాఫిక్స్ మెమరీ నిండినప్పుడు పొంగి వచ్చి పడేది మామూలు ర్యామ్‌లోకే అని పైన చెప్పుకున్నాం కదా, అక్కడ కూడా తలుపులు మూసేస్తే ఇక నాలుగేళ్లు ఎలా లాగుతాం? అయితే లావుది కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి, చాలావాటిలో 16 జీబీ మొత్తం ఒకే కడ్డీగా పెట్టి రెండో స్లాటు ఖాళీగా వదిలేస్తారు, దాంతో మెమరీ వేగం సగానికి పడుతుంది. అలాంటిదే రెండో కడ్డీ ఒకటి పెడితే ఆ జబ్బు పోతుంది, 32 జీబీ కూడా అవుతుంది. ఎస్‌ఎస్‌డీ సంగతీ అంతే, లావుదాంట్లో రెండో చోటు ఉంది, సన్నదాంట్లో ఉన్నదాన్ని పీకి వేరేది పెట్టుకోవాలి.

గ్రాఫిక్స్ చిప్‌ని నేరుగా స్క్రీన్‌కి కలిపే మక్స్ స్విచ్ రెండింట్లోనూ ఉంది, కాబట్టి దాని గురించి చెప్పేదేం లేదు.

బ్యాటరీలో సన్నది చిత్తుగా ఓడిస్తుంది. హెచ్‌ఎక్స్ రకం ఇంటెల్ ప్రాసెసర్లు ఊరికే కూర్చున్నా కరెంటు తాగుతాయి, 8845హెచ్‌ఎస్ అలా కాదు, నోట్సు రాసుకుంటూ వీడియోలు చూసుకుంటూ చాలాసేపు గడిపేయొచ్చు, టైప్-సీ ఛార్జర్‌తోనూ సరిపెట్టుకోవచ్చు. పేర్లు చూసి పొరపడేవాళ్ల కోసం చెప్తున్నా, రైజెన్ 7 7435హెచ్‌ఎస్ అని ఒకటి చవక మోడళ్లలో కనిపిస్తుంది, దాంట్లో సొంత గ్రాఫిక్స్ ఉండవు, బ్రౌజర్ తెరిచినా పెద్ద చిప్పే పనిచేయాలి, బ్యాటరీ మీద ఆశ పెట్టుకోవద్దు. బ్యాటరీ మీద గేములు ఆడటమంటారా, రెండింట్లోనూ మర్చిపోండి, ప్లగ్ తీయగానే చిప్‌కి వెళ్లే కరెంటే తగ్గిపోతుంది. బరువు లెక్కేసేటప్పుడు అడాప్టర్ కూడా కలపాలి, లావుదాని ఇటుక ముప్పావు కిలో దాకా తూగుతుంది, దాన్ని కూడా కలిపితే బ్యాగులో మూడు కిలోల పైమాటే.

అందుకే వాణ్ని ఒక్కటే అడిగాను, రోజూ మోస్తావా అని. మోస్తానన్నాడు. ఎక్కడికి అంటే నసిగాడు. కాలేజీలో ల్యాబ్ సిస్టమ్‌లు ఉన్నాయట, గేములు ఆడేది గదిలో టేబుల్ మీదే, ఆడేవి ముప్పావువంతు వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2. అవి గ్రాఫిక్స్ చిప్ కంటే ప్రాసెసర్‌ని ఎక్కువ అడిగే ఆటలు, 4060కి వాటితో చెమట కూడా పట్టదు. మరి 70 దేనికిరా అంటే మాట్లాడలేదు. అదే రోజూ బస్సులో తిరిగి, క్లాసులో తెరిచి, వీడియో ఎడిటింగ్ చేసి, రాత్రి ఓ గంట ఆడేవాడైతే నేనే సన్నది కొనమందును, అయితే 16 జీబీది కాదు, 32 అతికించిన మోడల్ దొరికితేనే. ఆ మోడల్ దొరక్కపోతే మోయడం బరువైనా లావుదే.

మిగిలే డబ్బుతో రెండో ర్యామ్ కడ్డీ, వెనక వైపు ఎత్తు పెట్టే స్టాండు, ఇంకా మిగిలితే మంచి హెడ్‌ఫోన్స్ తీసుకోమన్నాను. పెట్టె తెరిచిన రోజే గంటసేపు బరువైన గేము నడిపి, ఫ్రేములు పడిపోతున్నాయేమో, స్క్రీన్ అంచుల్లో వెలుతురు కారుతోందేమో చూసి, తేడా ఉంటే వాపసు గడువు లోపలే పంపేయమని కూడా చెప్పాను. అన్నీ విని లావుదే తీసుకుంటానన్నాడు. కాసేపాగి మళ్లీ మెసేజ్ పెట్టాడు, "అన్నా, మూత పక్కన అంటించుకోడానికి 4070 స్టికర్ ఒక్కటీ విడిగా దొరుకుతుందా?"