లస్టర్‌లో స్ట్రైప్ కౌంట్: 1 మేలా, అన్నీ మేలా, పీఎఫ్ఎల్ మేలా?

వైజాగ్‌లో మా క్లస్టర్ మీద డబ్ల్యూఆర్ఎఫ్ (వాతావరణ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) నడిపే పరిశోధక విద్యార్థులు, కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ అడిగే మాట ఒకటే: "సార్, స్ట్రైప్ కౌంట్ ఎంత పెట్టమంటారు?" మా డేటా ఉండేది లస్టర్ మీద. అది ఫైళ్లను చాలా స్టోరేజీ యూనిట్ల (ఓఎస్‌టీల) మీద పరిచే ఫైల్‌సిస్టమ్. ఒక ఫైలును ఎన్ని ఓఎస్‌టీల మీద పరచాలో చెప్పేదే స్ట్రైప్ కౌంట్. ఈమధ్యే కొత్త ప్రాజెక్టు డైరెక్టరీలకు డిఫాల్ట్ మార్చాను కాబట్టి కారణాలతో సహా రాస్తున్నాను.

స్ట్రైప్ కౌంట్ 1 పెడితే ఫైలు మొత్తం ఒకే ఓఎస్‌టీ మీద కూర్చుంటుంది. చిన్న ఫైళ్లకు ఇంతకంటే మంచిది లేదు. పెద్దవాటితోనే చిక్కు. 2014 అక్టోబరు 12న మన మీదుగానే తీరం దాటిన హుద్‌హుద్‌ను సిమ్యులేట్ చేస్తూ అవుట్‌పుట్ అంతా ఒకే ఫైల్లోకి రాయిస్తే, అది పెరుగుతూనే ఉంటుంది. ఆ ఓఎస్‌టీ నిండగానే జాబ్ పడిపోతుంది. "సగం డిస్కు ఖాళీగానే ఉంది కదా సార్, నో స్పేస్ అంటుందేంటి?" అని టెన్షన్‌తో వస్తారు. మామూలు డీఎఫ్ కమాండ్ మొత్తం ఖాళీని చూపిస్తుంది. లస్టర్ సొంత కమాండ్ ఎల్ఎఫ్ఎస్ డీఎఫ్ కొడితే నిండిన ఓఎస్‌టీ బయటపడుతుంది.

పోనీ అన్ని ఓఎస్‌టీల మీదా పరిచేద్దామా? ప్రాసెస్‌లన్నీ కలిసి ఒకే ఫైల్లోకి రాస్తుంటే, అంటే పీనెట్‌సీడీఎఫ్ (సమాంతరంగా రాసే లైబ్రరీ) వాడుతుంటే, బాగుంటుంది. మామూలు నెట్‌సీడీఎఫ్‌లో రాసేది ఒక్క ప్రాసెసే కాబట్టి పెద్దగా కలిసిరాదు. పైగా అదే డైరెక్టరీలో ఒక్కో ప్రాసెస్‌కు రెండేసి ఆర్ఎస్ఎల్ లాగ్ ఫైళ్లు పడతాయి. 256 ప్రాసెస్‌లకు 512 చిన్న ఫైళ్లు, ప్రతిదానికీ ప్రతి ఓఎస్‌టీ మీదా ఒక ఆబ్జెక్ట్ (ఫైల్లో ఆ ఓఎస్‌టీ వంతు). ఎల్ఎస్ -ఎల్ కొడితే సైజు కోసం వాటన్నిటినీ అడిగి రావాలి.

నా దృష్టిలో అసలు సంగతి వేగం కాదు. లేఅవుట్‌ను, అంటే ఫైలును ఓఎస్‌టీల మీద ఎలా పరచాలో, ఫైలు పుట్టేటప్పుడే తేల్చాలి, అది ఎంత పెరుగుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. తర్వాత డైరెక్టరీ డిఫాల్ట్ మార్చినా పాత ఫైళ్లు మారవు. అదే ఫైల్‌సిస్టమ్‌లో ఎంవీ చేసినా మారవు. ఎల్ఎఫ్ఎస్ మైగ్రేట్‌తో డేటా అంతా మళ్లీ రాయించాల్సిందే.

2017లో లస్టర్ 2.10తో వచ్చిన పీఎఫ్ఎల్ (ప్రోగ్రెసివ్ ఫైల్ లేఅవుట్, ఫైల్లో ఒక్కో భాగానికి ఒక్కో స్ట్రైప్ కౌంట్ పెట్టే ఏర్పాటు) సరిగ్గా ఈ ముడినే విప్పింది. నేను పెట్టింది ఇది: మొదటి 64 ఎంబీకి స్ట్రైప్ కౌంట్ 1, 4 జీబీ వరకు 4, ఆపైన 8. డేటా అక్కడిదాకా వస్తేనే తర్వాతి భాగానికి ఓఎస్‌టీలు కేటాయిస్తుంది. కొత్త లాగ్ ఫైలు మీద ఎల్ఎఫ్ఎస్ గెట్‌స్ట్రైప్ కొట్టి చూడండి, మొదటి భాగానికే ఇనిట్ (కేటాయింపు అయింది) అని ఉంటుంది. ఒకే డైరెక్టరీలో ఒక్కో లాగ్ ఒకే ఓఎస్‌టీ మీద ఉంటుంది, అవుట్‌పుట్ తనంతట తానే విస్తరిస్తుంది. విద్యార్థి ఏమీ టైప్ చేయనక్కర్లేదు. చివరి భాగానికి కూడా అన్నీ ఇవ్వకపోవడం కావాలనే. నిండబోయే ఓఎస్‌టీని పక్కన పెట్టే వీలు లస్టర్‌కు ఉండాలి.

ఒక్క షరతు: 2.10 కంటే పాత క్లయింట్లు ఈ ఫైళ్లను తెరవలేవు. ముందు లాగిన్ నోడ్ వెర్షన్ చూసుకోండి. పీనెట్‌సీడీఎఫ్‌తో రాసే రీస్టార్ట్ ఫైళ్లకు మాత్రం విడి డైరెక్టరీ తీసి, మొదటి నుంచే వెడల్పుగా పెట్టండి.

2.11లో వచ్చిన డామ్ (చిన్న ఫైళ్ల డేటాను ఎండీటీ మీదే, అంటే ఫైళ్ల పేర్లు, వివరాలు ఉండే యూనిట్ మీదే పెట్టడం) సంగతంటారా, ఎండీటీ ఫ్లాష్ మీద ఉండి, చోటు మిగులుంటే ఆలోచించండి.

పాత డేటా జోలికి ఒక్కసారిగా వెళ్లకండి. ఎల్ఎఫ్ఎస్ ఫైండ్‌తో 100 జీబీ దాటి, స్ట్రైప్ కౌంట్ 1 ఉన్న ఫైళ్లు వెతికి, ఏ జాబూ వాటిలోకి రాయనప్పుడు వాటినే మైగ్రేట్ చేయండి.