జీబ్రా మొక్కకి 5కి 5, అది వచ్చిన కుండీకి మాత్రం కాదు

నెల్లూరు మినీ బైపాస్ రోడ్డు పక్కన ఒక నర్సరీలో 150 రూపాయలకి జీబ్రా హవర్తియా కొన్నాను. గుప్పిట్లో పట్టేంత మొక్క. ముదురాకుపచ్చ ఆకుల వెనకవైపు అడ్డంగా తెల్లటి చారలు. దగ్గరగా చూస్తే అవి చారలు కావు, వరసగా పెట్టిన ముగ్గు చుక్కలు. వేలితో రాస్తే గరుగ్గా తగులుతాయి. ఆ చుక్కలకే పడిపోయాను.

ఇది నా రెండో మొక్క. మొదటిది ముందటేడు మార్చిలో ఇక్కడే కొన్నా. కుండీ మీద 'కాక్టస్' అని చీటీ అంటించి ఉంటే నిజమే అనుకుని మేడ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టాను. నిజానికి ఇది కలబందకి చుట్టం. దక్షిణాఫ్రికాలో పొదల నీడన, రాళ్ళ సందుల్లో పెరిగేది. వారం తిరిగేసరికి ఆకులు ఎర్రబారాయి. అత్తయ్య చూసి, "ఇంత ఎండకి దానికి మాత్రం దాహం వెయ్యదా అమ్మా" అని తులసికి పోసే చెంబుతోనే దానికీ రోజూ పోసింది. నర్సరీ అబ్బాయి కూడా "రోజూ కాసిని పొయ్యండి మేడమ్" అనే చెప్పాడు. మే నెలలో ఒకరోజు ఆకు పట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. మొదలంతా మెత్తబడి కుళ్ళు వాసన. చాలా బాధేసింది.

కుండీ బోర్లిస్తే మట్టే లేదు, ఒట్టి కొబ్బరిపొట్టు. పిండితే నీళ్ళు కారాయి. మండుటెండల్లో ఈ మొక్క పెరగడం ఆపి నిద్రపోయినట్టు ఉంటుంది, నీళ్ళు పెద్దగా తాగదు. తాగని నీళ్ళు వేళ్ళని అంటిపెట్టుకుని ఉంటే కుళ్ళక ఏమవుతుంది?

ఆగస్టులో రెండోది తెచ్చిన సాయంత్రమే కుండీలోంచి తీసేశాను. కాలిపోయిన అగరుబత్తి పుల్లతో వేళ్ళ మధ్య పొట్టంతా మెల్లగా రాల్చి, రెండు రోజులు నీడలో పేపరు మీద ఆరబెట్టా. జల్లెడ పడితే పైన మిగిలిన గరుకు పెన్నా ఇసుక రెండు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు, నలగ్గొట్టిన ఇటుక ముక్కలు కొన్ని. అడుగున చిల్లున్న మట్టి కుండీ. నాటాక వారం దాకా చుక్క నీళ్ళు పొయ్యలేదు.

ఇప్పుడు తూర్పు బాల్కనీలో ఉంది. ఎనిమిదిన్నర దాకా ఎండ, ఆ తర్వాత నీడ. అదే పుల్ల మట్టిలో గుచ్చి తీస్తాను, తడి అంటకపోతేనే నీళ్ళు. చలికాలంలో పది పన్నెండు రోజులకోసారి, రోహిణి కార్తెలో బాగా తగ్గించి, అదీ సాయంత్రం పూట. మనకి పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే గదా, తుఫాను అన్నారంటే కుండీ హాల్లోకి వచ్చేస్తుంది. మొన్న సంక్రాంతికి పక్కన రెండు పిలకలు లేచాయి. ఒకటి కావలిలో ఉన్న మా తోడికోడలికి, ఇసుక కలిపిన మట్టితో సహా ఇచ్చాను.

నర్సరీకి 5కి 3 ఇస్తా. ధర న్యాయంగానే ఉంది, మొక్కలు పురుగు లేకుండా ఉన్నాయి. కానీ చీటీ మీద సరైన పేరు, 'నీడ, తక్కువ నీళ్ళు' అన్న రెండు మాటలు రాస్తే నా మొదటి మొక్క బతికేది. మీరు కొనేటప్పుడు మొదలు దగ్గర వేలితో నొక్కి చూడండి, గట్టిగా ఉంటేనే తీసుకోండి.