విశ్వాసంలో సందేహం వస్తే ఎవరితో మాట్లాడటం మేలు: అయ్యగారితోనా, నాస్తికులతోనా, ఇద్దరూ కూర్చున్న చోటా?

ఏడేళ్ళ కిందట ఒక డిసెంబరు సాయంత్రం, మా సంఘంలో క్రిస్మస్ కార్యక్రమానికి సండే స్కూలు పిల్లల చేత వాక్యాలు చదివిస్తున్నాను. ఆరో తరగతి చదివే ఒక పాప బైబిలులో రెండు చోట్ల రెండు వేళ్ళు పెట్టుకుని వచ్చి, "అన్నా, యోసేపు వాళ్ళ నాన్న యాకోబా, హేలీనా?" అని అడిగింది. మత్తయి మొదటి అధ్యాయం 16వ వచనంలో మరియ భర్త యోసేపు తండ్రి యాకోబు; లూకా మూడో అధ్యాయం 23వ వచనంలో హేలీ. ప్రాక్టీసు అయ్యాక చెబుతానన్నాను గాని చెప్పలేదు, ఎందుకంటే నాకు తెలియదు. ప్రశ్న చిన్నదే. కానీ పదేళ్ళుగా నేను లోపల అణచిపెట్టుకున్న పెద్ద ప్రశ్నలన్నీ దాని వెంట బయటికి వచ్చాయి. వాటిని ఎవరి దగ్గరికి తీసుకుపోవాలో తెలియక ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు చోట్లకు వెళ్ళాను. అదే దారిలో ఉన్నవారికి ఏ చోటు దేనికి పనికివస్తుందో, ఎక్కడ ఏమి పోగొట్టుకోవలసి వస్తుందో చెప్పడానికే ఈ పోలిక.

మొదట వెళ్ళింది మా సంఘ పాస్టరు, అంటే అయ్యగారి దగ్గరికే. ఆయన నేను చెప్పినదంతా ఓపికగా విని, లూకా రాసినది మరియ వంశావళి అని ఒక్క మాటలో చెప్పి, యాకోబు పత్రిక మొదటి అధ్యాయం తీసి, సందేహించువాడు గాలిచేత రేపబడి యెగిరిపడు సముద్ర తరంగమును పోలియుండునన్న వచనం చదివి, నా కోసం ప్రార్థన చేశారు. రెండు వారాలు తిరగకముందే ఇంటి ప్రార్థనలో మా పెద్దమ్మ అందరి ముందూ "మన వాడు చల్లారిపోయాడు, జ్ఞాపకం చేసుకోండి" అని విన్నపం పెట్టింది. ఆ మాట అయ్యగారి నుంచి వెళ్ళిందో, ఆయన భార్య అమ్మగారి నుంచి వెళ్ళిందో నేను అడగలేదు. సంఘ కాపరికి జీతం కానుకల్లోంచి వస్తుంది, ఆయన బదిలీ పెద్దల చేతిలో ఉంటుంది, ప్రతి ఆదివారం ఆయన నిశ్చయంగా మాట్లాడాలి. అటువంటి మనిషి "నాకు తెలియదు బాబూ" అనగలగడం మనం అనుకున్నంత సులభం కాదు. యూదా పత్రికలో సందేహపడువారి మీద కనికరము చూపమని కూడా రాసి ఉంది, కానీ ఆ వచనం మీద నేను ఇంతవరకు ఒక్క ప్రసంగమైనా వినలేదు. అయితే న్యాయంగా మరొక మాటా చెప్పాలి. మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న పదకొండు రాత్రుల్లో నాలుగు రాత్రులు వరండాలో నాతోపాటు బెంచీ మీద కూర్చున్నది ఆ అయ్యగారే. "దేవుడు ఎందుకిలా చేశాడు" అన్న ప్రశ్న దుఃఖంలోంచి వచ్చినదైతే, దానికి జవాబు కంటే తోడు ముఖ్యమైతే, ఆయన కంటే మంచివారు నాకు కనబడలేదు.

రెండవది యువకుల బైబిలు అధ్యయన బృందం. ఇక్కడివారు చదువుకున్నవారు, పుస్తకాలు తిరగేసి వస్తారు. సంతానం లేకుండా అన్న చనిపోతే తమ్ముడు వదినను పెండ్లాడి అన్న పేరు నిలబెట్టాలని ద్వితీయోపదేశకాండం చెప్పిన నియమం వల్ల యోసేపుకు ఒక కన్న తండ్రీ ఒక చట్టరీత్యా తండ్రీ ఉన్నారని, ఈ వివరణను మూడవ శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానస్ ఇచ్చాడని నాకు మొదట చెప్పింది వీరే. అయ్యగారి జవాబు కంటే ఇది ఎంతో మెరుగు. లోపమల్లా సమావేశం ఎలా ముగియాలో ముందే తేలిపోయి ఉండటం: ఎనిమిదిన్నరకు ముగింపు ప్రార్థన, ఆలోగా ప్రశ్న సర్దుకోవాలి. ఇంకొకటి గమనించాను. అక్కడ సందేహం గురించి ఎవరైనా మాట్లాడవచ్చు, భూతకాలంలో అయితేనే. "ఒకప్పుడు నాకూ ఇలాగే ఉండేది" అంటే అది సాక్ష్యమవుతుంది. "ఇప్పుడు నాకిలా ఉంది" అంటే గది నిశ్శబ్దమవుతుంది.

తరువాత హేతువాదుల దగ్గరికి వెళ్ళాను. తెలుగునాట వారికి గట్టి సంప్రదాయమే ఉంది. నాస్తికోద్యమ నాయకుడు గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకు మారింది. అంతకు ముందే త్రిపురనేని రామస్వామి చౌదరి వంటివారు పురాణాలను నిలదీశారు. వారి మధ్య కూర్చున్న మొదటి రోజు నాకు కలిగిన హాయిని దాచుకోను. ఏ మాటకూ ఎవరూ కళ్ళు మూసుకోలేదు, నా కోసం ఎవరూ ప్రార్థించలేదు, రెండు వంశావళులూ యేసును దావీదు కుమారుడిగా చూపడానికి వేరువేరుగా అల్లినవై ఉంటాయని ఒక పెద్దాయన మొహమాటం లేకుండా అన్నారు.

కానీ కొన్నాళ్ళకు రెండు ఇబ్బందులు తెలిసివచ్చాయి. మొదటిది, మన హేతువాదానికి పదును పెట్టినది రామాయణ భారతాల మీద, కాబట్టి సువార్తల దగ్గరికి వచ్చేసరికి చాలామంది విన్న మాటలే తిప్పి చెబుతారు. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు నాలుగవ శతాబ్దపు బైబిలు చేతిరాత ప్రతులైన సైనాయ్, వాటికన్ ప్రతులలో లేవన్న సంగతి వారికి ఆయుధంగా ఎంతో పనికివచ్చేదే, అయినా ఆ గదిలో అది ఎవరికీ తెలియదు. రెండవది నన్ను నొప్పించింది. "మీవాళ్ళు కరువులో గంజి కోసం మారినవాళ్ళే కదా" అని ఒకాయన నవ్వుతూ అన్నారు. మాది ఒంగోలు ప్రాంతం, మా ముత్తాతలు బాప్టిస్టు సంఘంలో చేరినవారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన మాట నిజమే, అది 1876-78 నాటి ధాత కరువు తరువాతే అన్నదీ నిజమే. కానీ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కూలి ఇప్పించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపాడు. మాదిగ కులానికి చెందిన యెర్రగుంట్ల పేరయ్య 1866లోనే, కరువుకు పదేళ్ళ ముందే, విశ్వాసంలోకి వచ్చి ఊరూరా తిరిగాడు. గుడి గుమ్మం తొక్కనివ్వని వారికి బడి గుమ్మం తెరిచిన చరిత్రను ఒక్క గంజి గిన్నెలో ముంచేయడం హేతువాదం కాదు, అజాగ్రత్త. దేవుడు లేడని తేల్చుకోవడం వేరు, తాతముత్తాతలు తెలివితక్కువవారని ఒప్పుకోవడం వేరు. ఆ గదిలో మొదటిదానికి రెండవదాన్ని ధరగా అడిగినట్టు నాకు అనిపించింది.

నాలుగవది నేను వెతికితే దొరికినది కాదు. ఒక రిటైర్డు తెలుగు మాస్టారు, ఇప్పటికీ ప్రతి ఆదివారం బల్ల (ప్రభువు రొట్టె, ద్రాక్షారసం) తీసుకునే విశ్వాసి, తన ఇంటి వరండాలో రెండవ శనివారాలు నలుగురిని కూర్చోబెడుతున్నారని విని వెళ్ళాను. ఆరేడుగురు వస్తారు: ఇద్దరు విశ్వాసులు, ఇద్దరు నాస్తికులు, ఎటూ తేల్చుకోనివారు నాలాంటివారు. నియమాలు మూడే. ప్రార్థనా ఉండదు, నినాదమూ ఉండదు. ఏ వచనం గురించి మాట్లాడినా పుస్తకం తెరిచే మాట్లాడాలి. అక్కడ అన్న మాట గేటు దాటకూడదు.

నా వంశావళి ప్రశ్న అక్కడ పెట్టిన రోజు బాగా గుర్తుంది. బ్యాంకులో పనిచేసి రిటైరైన హేతువాది ఒకరు, తన సభల్లో ఎప్పుడూ అనే మాటే, యేసు అనే మనిషే లేడు కనుక తండ్రి ఎవరైతేనేమి అని తేలిగ్గా అనేశారు. పక్కనున్న చరిత్ర లెక్చరరు, ఆయనా దేవుణ్ణి నమ్మనివారే, టీ గ్లాసు కింద పెట్టి, రోమన్ గవర్నరు పిలాతు కాలంలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 116 ప్రాంతంలో రాశాడని, యేసు ఉన్నాడా అన్నది ఒక ప్రశ్న, ఆయన దేవుడా అన్నది మరో ప్రశ్న అని, రెండూ కలిపేస్తే మన వాదమే పలచబడుతుందని అన్నారు. అది విని విశ్వాసుల్లో ఒకరు ఉత్సాహంగా, లూకాది మరియ వంశావళి అన్న పాత జవాబు అందుకున్నారు. అప్పుడు మాస్టారు రెక్సిన్ అట్ట వేసిన తన బైబిలు తెరిచి, ఆ వచనం రెండుసార్లు చదివి, "ఇక్కడ మరియ పేరు లేదు నాయనా, లేనిది మనం పెట్టకూడదు" అన్నారు. ఎవరూ అడగకుండానే ఇంకొకటి బయటపెట్టారు: మత్తయి తన పట్టికలో యెహోరాముకూ ఉజ్జియాకూ మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులను వదిలేశాడు, దినవృత్తాంతములు మొదటి గ్రంథంతో పోల్చి చూసుకోండి అని. ఇది పుట్టుక రిజిస్టరు కాదు, దావీదు సింహాసనం మీద దృష్టి పెట్టి కూర్చిన పట్టిక అని తాను అనుకుంటున్నానని, దానివల్ల తన విశ్వాసం తగ్గలేదని, ఎవరికైనా తగ్గితే వారిని తప్పుపట్టనని చెప్పారు.

ఆ సాయంత్రం నాకు అర్థమైనది ఒక్కటే. ఆ హేతువాది తన సభలో అన్న మాటనే ఇక్కడా అన్నారు, అక్కడ అడ్డు చెప్పేవారు లేరు, ఇక్కడ ఉన్నారు. ఆ విశ్వాసి కూడా అంతే. మనవాళ్ళ మధ్య మాట్లాడేటప్పుడు తలలూపడం వినబడుతుంది. అవతలివాడు పుస్తకం తెరుచుకుని వింటున్నప్పుడు మనిషి తన మాటను తానే తూచుకుంటాడు. నేను ఈ నాలుగవ చోటును మిగిలిన మూడింటి కంటే మేలని చెప్పడానికి కారణం అక్కడివారు మంచివారని కాదు, ఆ ఏర్పాటు ఎవరి చేతనైనా జాగ్రత్తగా మాట్లాడిస్తుందని.

ఇది మన నేలకు కొత్తదీ కాదు. గాంధీ, గోరా 1944 నుంచి సేవాగ్రాంలో దేవుడి మీద ఎడతెగక వాదించుకున్నారు. నా ఆస్తికత్వం ఒప్పనీ, నీ నాస్తికత్వం తప్పనీ నేను చెప్పలేను అని గాంధీయే గోరాతో అన్నారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న జాషువా గారి కుమార్తె హేమలత, గోరా కుమారుడు లవణాన్ని పెండ్లాడారు. మాస్టారికైతే ఇంతకంటే ఇష్టమైన ఆధారం మరొకటి ఉంది. పేతురు మొదటి పత్రికలో "మిమ్మును హేతువు అడుగు ప్రతివానికిని" సాత్వికముతో సమాధానము చెప్పుడని ఉంది కదా, హేతువాదికి కుర్చీ వేయమని మన బైబిలే చెప్పిందంటారు ఆయన.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఒక ప్రశ్నకు మూడు నెలలు పడుతుంది. దుఃఖంలో ఉన్నవారికి అక్కడ ఓదార్పు దొరకదు. ఒక్క వాచాలుడు చేరితే సాయంత్రమంతా పాడవుతుంది. పది మంది దాటితే అది సభ అయిపోతుంది. మరీ బాధ కలిగించేది, స్త్రీలు రాకపోవడం. ఉపవాస ప్రార్థనల్లో మోకాళ్ళు అరగదీసుకునే మా అక్కలకూ పిన్నులకూ మా కంటే ఎక్కువ ప్రశ్నలున్నాయి, కానీ చీకటిపడ్డాక పరాయి ఇంటి వరండాలో కూర్చుంటే ఊరు ఏమంటుందో వారికి తెలుసు. సమయం మధ్యాహ్నానికి మార్చాక ఇద్దరు వస్తున్నారు.

గేటు దాటకూడదన్న నియమం లాంఛనం కాదని కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తరువాతి సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఎస్సీ హోదా ఉంటుంది. క్రైస్తవులైన దళితులు మన దగ్గర బీసీ-సిలోకి వస్తారు. సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం మరొకటి అయిన ఇండ్లు ఎన్నో. అటువంటి ఇంటి మనిషి "నేను నమ్ముతున్నాను" అన్నా, "నమ్మడం లేదు" అన్నా, ఆ మాట చేరకూడని చోట చేరితే వచ్చే నష్టం వాదనతో తీరేది కాదు. సంఘం నుంచి తొలగితే పెళ్ళి సంబంధాలు, సమాధుల తోటలో చోటు కూడా ప్రశ్నార్థకమవుతాయి. అందుకే తల్లిదండ్రుల మీద ఆధారపడి చదువుకుంటున్న పిల్లలకు నేను నాలుగవదాన్ని వెంటనే సిఫారసు చేయను. వారికి ముందు నోరు జారని ఒక్క మనిషి దొరికితే చాలు, ఆ మనిషి నమ్మేవాడా కాదా అన్నది తరువాతి సంగతి. గాయపడి ఉన్నవారు అయ్యగారి దగ్గరికే వెళ్ళడం మంచిది, ఆయన బెంచీ మీద కూర్చునే రకమైతే. వాక్యంలోని చిక్కులు మాత్రమే ఉన్నవారికి అధ్యయన బృందం సగం దూరం తీసుకుపోతుంది. ఇప్పటికే తేల్చుకుని, ఒంటరితనంతో బాధపడుతున్నవారికి హేతువాదుల స్నేహం అవసరం. ఇంకా తేల్చుకోనివారు, అంటే నాతోపాటు చాలామంది, ఇద్దరూ కూర్చునే చోటు వెతుక్కోవాలి. లేకపోతే అటు నుంచి ఒకరినీ ఇటు నుంచి ఒకరినీ టీకి పిలిచి తామే మొదలుపెట్టాలి.

నేను ఇప్పటికీ సంఘానికి వెళుతున్నాను, బల్ల మాత్రం తీసుకోవడం లేదు. ప్రశ్న అడిగిన పాప ఇంటర్మీడియెట్ పూర్తి చేసింది. మొన్న సెలవుల్లో తనకు బాకీ ఉన్న జవాబు చెప్పాను: రెండు పట్టికలు వేరు, కలిపేందుకు చేసిన ప్రయత్నాలు ఇవీ, ఒక్కొక్కదాని బలహీనత ఇదీ అని. శ్రద్ధగా విని, మత్తయి మొదటి అధ్యాయం మళ్ళీ తెరిచి, పెదవులు కదుపుతూ వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంది. "అన్నా, 17వ వచనంలో పదునాలుగు, పదునాలుగు, పదునాలుగు తరాలని ఉంది కదా. బబులోను చెర తరువాత నాకు 13 పేర్లే వస్తున్నాయి" అంది. నేనూ లెక్కపెట్టాను. పదమూడే ఉన్నాయి.