పిల్లల ఓసీఐ సేవ: కార్డుకి మంచి మార్కులే, దరఖాస్తుకి అన్ని పడవు

అమెరికాలో తల్లో తండ్రో పౌరసత్వ ప్రమాణం చేసిన రోజే, గ్రీన్‌కార్డు మీద వాళ్ల దగ్గర ఉంటున్న 18 ఏళ్ల లోపు పిల్లలు కూడా అమెరికన్లు అయిపోతారు. 2001 ఫిబ్రవరి 27 నుంచి అక్కడి చట్టం అది. పిల్లలు ప్రమాణం చేయరు, వాళ్ల పేరున సర్టిఫికెట్టూ రాదు. చేతికి ఒక్క కాగితం కూడా రాదు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఏదో మారిందనిపించదు. సంక్రాంతికి విశాఖలో అమ్మమ్మ వాళ్లింటికి టికెట్లు తీసేసి, పాప పాత భారత పాస్‌పోర్టూ గ్రీన్‌కార్డూ సంచిలో వేసుకుని బయల్దేరదామనుకుంటారు. అలా కుదరదు. అమెరికా పౌరులు ఆ దేశంలోకి అమెరికా పాస్‌పోర్టు మీదే వెళ్లాలి, పసిపిల్లలైనా సరే. ఇటు మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు.

ఇలాంటి పిల్లలు విశాఖ రావడానికి ఉన్న ముఖ్యమైన దారులు రెండు: విదేశీ పౌరులైన భారత మూలాల వాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు, ఆన్‌లైన్లో తీసుకునే ఈ-వీసా. మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఓసీఐ కార్డుకి పదికి తొమ్మిది, దాని దరఖాస్తుకి నాలుగు, ఈ-వీసాకి ఏడు. ప్రయాణం రెండు నెలల్లోపు ఉంటే ఓసీఐ మీద ఆశ పెట్టుకోకండి, ఈ-వీసా తీసుకుని రండి. తిరిగి వెళ్లాక నింపాదిగా ఓసీఐ పెట్టుకోవచ్చు.

ఏది తీసుకోవాలన్నా మొదటి మెట్టు బిడ్డ అమెరికా పాస్‌పోర్టు. 16 ఏళ్ల లోపు వాళ్లకి డీఎస్-11 ఫారం. తల్లీ తండ్రీ ఇద్దరూ బిడ్డతో కలిసి స్వయంగా వెళ్లాలి. ఒకరు రాలేకపోతే నోటరీ ముందు సంతకం చేసిన డీఎస్-3053 సమ్మతి ఫారం, దానితో ఆ సంతకందారు గుర్తింపు కార్డు రెండు వైపుల నకలు ఇవ్వాలి. ఆ సమ్మతి 90 రోజులే చెల్లుతుంది. విశాఖలో ఉద్యోగమో పెద్దవాళ్ల ఆరోగ్యమో చూసుకుంటూ తండ్రి ఇక్కడ ఉండిపోయిన ఇళ్లలో ఎక్కువగా తేడా వచ్చేది ఈ ఫారం దగ్గరే. రుసుము 100 డాలర్లు, స్వీకరించేచోట ఇంకో 35. పాస్‌పోర్టు చెల్లేది అయిదేళ్లు. బిడ్డ జనన ధ్రువపత్రం, గ్రీన్‌కార్డు, ప్రమాణం చేసిన వారి సర్టిఫికెట్టు, బిడ్డ వాళ్ల దగ్గరే ఉంటోందనే రుజువు జత చేయాలి. ఎన్-600 పెట్టి బిడ్డ పేరున పౌరసత్వ ధ్రువపత్రం తెచ్చుకుంటేనే పాస్‌పోర్టు ఇస్తారని కొందరు భయపెడతారు. అవసరం లేదు. వెయ్యి డాలర్లు దాటిన ఖర్చు అది. ముందుముందు పనికొస్తుందని తీసుకుంటే తీసుకోవచ్చు గానీ, ప్రయాణానికి అది అడ్డు కాదు.

రెండో మెట్టు పాత భారత పాస్‌పోర్టు అప్పగింత. చాలామంది దాటేసేది దీన్నే. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అక్కడే పుట్టిన తమ్ముడికి భారత పాస్‌పోర్టే లేదు, అప్పగించేదీ లేదు, అతని ఫైలు నల్లేరు మీద నడక. విశాఖలో పుట్టి మూడేళ్లకి విమానం ఎక్కిన అక్కకి మాత్రం ముందు పాత పాస్‌పోర్టు అప్పగించినట్టు ఇచ్చే సరెండర్ సర్టిఫికెట్టు కావాలి, ఆ తర్వాతే ఓసీఐ. రెండూ ఒకే రోజు పంపేసి ఒకదాని వెనక ఒకటి అయిపోతాయిలే అనుకుంటే ఓసీఐ ఫైలు ఆగిపోతుంది. సరెండర్ ఫారంలో పౌరసత్వ సర్టిఫికెట్టు వివరాలు అడిగినప్పుడు పిల్లలకి అది ఉండదు కాబట్టి, ప్రమాణం చేసిన తల్లిదో తండ్రిదో నకలు, బిడ్డ అమెరికా పాస్‌పోర్టు నకలు కలిపి పెట్టాలి. అమెరికాలో ఈ కాగితాలన్నీ తీసుకునేది 2020 నవంబరు నుంచి వీఎఫ్ఎస్ అనే ప్రైవేటు సంస్థ. ఉండే రాష్ట్రాన్ని బట్టి కాన్సులేటు మారుతుంది: టెక్సాస్ వాళ్లది హ్యూస్టన్, న్యూజెర్సీ వాళ్లది న్యూయార్క్. చిరునామా రుజువు పాత రాష్ట్రానిదైతే కవరు తిరుగు టపాలో వస్తుంది.

అప్పగించకుండా ఈ-వీసా మీద విశాఖ వచ్చేసిన వాళ్లకి ఇక్కడా దారి ఉంది. పాస్‌పోర్ట్ సేవా పోర్టల్లో సరెండర్ సర్టిఫికెట్టుకి విడిగా దరఖాస్తు ఉంటుంది. మన ఊళ్లో అది చూసేది మర్రిపాలెం ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయం. ఓసీఐ మాత్రం ఇక్కడ కుదరదు. టూరిస్టు వీసా మీద ఉన్నవాళ్లు భారత్‌లో ఉండగా ఓసీఐకి దరఖాస్తు చేయడానికి వీల్లేదు. ‘ఈ-వీసా మీద వచ్చెయ్యండి, ఇక్కడే కార్డు తీయించేస్తాం’ అనే మాట ఎక్కడ వినబడినా, ముందు ఈ ఒక్క నిబంధన అడిగి చూడండి. మాట్లాడేవాడికి పని తెలుసో లేదో తేలిపోతుంది.

ఇక పేర్లు. మన తెలుగు ఫైళ్లు వెనక్కి రావడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు. ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక అనే మన లెక్క వేరు, సర్‌నేమ్ గివెన్‌నేమ్ అనే ఫారాల లెక్క వేరు. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ ఇచ్చిన జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. భారత పాస్‌పోర్టులో అది పూర్తిగా విప్పి ఉంటుంది, లేదా సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలి పేరంతా ఒక్కచోటే కుక్కి ఉంటుంది. గ్రీన్‌కార్డు దగ్గరికొచ్చేసరికి ఆ ఖాళీ గడి పుణ్యమా అని మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి పోయి, పెట్టిన పేరు చోట ‘తెలియదు’ అనే అర్థం వచ్చే ఎఫ్‌ఎన్‌యూ అనే మూడక్షరాలు పడతాయి. ఇక అమెరికా పాస్‌పోర్టులో ఏ పేరు వస్తుందో దేవుడికెరుక. ఓసీఐ కార్డు మీద వచ్చేది ఇప్పటి విదేశీ పాస్‌పోర్టులో ఉన్న పేరే. అది పాత కాగితాలతో కలవకపోతే రెండు పేర్లూ ఒకే మనిషివని చూపే అఫిడవిట్టు అడుగుతారు, పేరే మారిపోయి ఉంటే కోర్టు ఉత్తర్వు అడుగుతారు.

అందుకని సరిచూసుకోవాల్సింది ఓసీఐ దగ్గర కాదు, అమెరికా పాస్‌పోర్టుకి వెళ్లకముందే. జనన ధ్రువపత్రం, భారత పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవాలి. తల్లి పేరు కూడా. బిడ్డ పుట్టినప్పుడు ఆస్పత్రిలో అమ్మాయి పుట్టింటి ఇంటిపేరు రాయించి, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు ఉండటం మన దగ్గర మామూలే. ఓసీఐ పరిశీలకుడికి మాత్రం వాళ్లు ఇద్దరు వేరే మనుషులు.

జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరే లేని కేసులూ వస్తాయి. బారసాల కాకముందే ఆస్పత్రి నమోదు పంపేస్తుంది, తర్వాత ఎవరూ వెళ్లి పేరు చేర్పించరు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షన్ ప్రకారం, నమోదైన 12 నెలల్లోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో. అక్షర దోషాలైతే 15వ సెక్షన్ కింద సవరణ. ఇది విశాఖలో ఉన్న తాతయ్య చేయగలిగిన పని. జీవీఎంసీ ఆరోగ్య విభాగంలో తల్లిదండ్రుల దరఖాస్తు, ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, పాస్‌పోర్టు నకళ్లు ఇస్తే ముందుకి కదులుతుంది. పిల్లలు విమానం దిగాక మొదలుపెడితే మూడు వారాల సెలవుల్లో తేలే వ్యవహారం కాదు. ఇంకొక్క మాట, అమెరికా పాస్‌పోర్టులో పుట్టిన చోటు దగ్గర విశాఖపట్నం అని ఉండదు, దేశం పేరే ఉంటుంది. అది పొరపాటని దిద్దించడానికి పరుగెత్తకండి.

ఇక ఓసీఐ పోర్టల్ సంగతి. 2025 మే 19న కొత్త ముఖంతో వచ్చింది. పాతదానికంటే చూపుకి నయం. స్వభావం అదే. ఒకసారి సమర్పించేశాక దిద్దుకోవడం ఉండదు కాబట్టి, ఆఖరి బటన్ నొక్కే ముందు ఇంకో మనిషి చేత చదివించండి. ఫోటో చచ్చౌకంగా, 51 మిల్లీమీటర్లు అటూ ఇటూ. సంతకం పెట్టె మాత్రం ఎత్తుకి మూడింతలు వెడల్పు. నెలల బిడ్డకి సంతకం బదులు వేలిముద్ర. ఇంకు ప్యాడ్ మీద నొక్కి కాగితం మీద వేసి స్కాన్ చేస్తే నల్లగా అలుక్కుపోతుంది, అదే తిరస్కారానికి కారణం. పలచగా ఇంకు రాసి, తెల్లకాగితం మీద అయిదారు ముద్రలు వేసి, రేఖలు కనబడేది ఎంచుకుని దాన్నే మూడింతల పెట్టెలో కత్తిరించాలి. మైనర్లకి తల్లిదండ్రుల సమ్మతి పత్రం తప్పనిసరి, ఇద్దరి సంతకాలూ నోటరీ ముందే. రుసుము విదేశంలో పెడితే 275 డాలర్లు, టూరిస్టు కాని వీసా మీద ఉండి భారత్‌లో విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) ద్వారా పెడితే 15,000 రూపాయలు. పిల్లలని తగ్గింపు లేదు. నాలుగు మార్కులే వేయడానికి సగం కారణం ఇదే: ఇద్దరు పిల్లల ఇంటికి పెద్దవాళ్లతో సమానంగా రుసుము, పైన సర్వీసు చార్జీ, ఒక వేలిముద్ర మసకైతే మళ్లీ వారాల ఎదురుచూపు.

కార్డు చేతికొచ్చాక తీరే వేరు. జీవితాంతం చెల్లుతుంది, ఎన్నిసార్లైనా రావచ్చు, ఎన్నాళ్లైనా ఉండొచ్చు, ఇక్కడి బడిలో చేర్చడానికి స్టూడెంట్ వీసా అక్కర్లేదు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన సడలింపు వల్ల పిల్లలకి పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ కార్డు మార్చే బాధ పోయింది. 20 ఏళ్లు నిండే వరకు కొత్త పాస్‌పోర్టు వచ్చిన మూడు నెలల్లోపు దాని నకలు, తాజా ఫోటో పోర్టల్లో ఎక్కిస్తే చాలు, డబ్బు కట్టనక్కర్లేదు. 20 నిండాక వచ్చే పాస్‌పోర్టుతో ఒకే ఒక్కసారి కార్డు మళ్లీ తీసుకోవాలి. ఆ ఉచిత ఎక్కింపుని జనం మరిచిపోతారు, మన పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే మారుతుందని గుర్తుండదు. టికెట్లు తీసేటప్పుడు కార్డు మీదున్న పాస్‌పోర్టు నంబరు ఎప్పటిదో ఒకసారి చూసుకోండి.

ఆంధ్రా మెడికల్ కాలేజీలో సీటు మనసులో ఉంచుకుని ఓసీఐ తీసుకునే తల్లిదండ్రులకి ఒక హెచ్చరిక. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ లాంటి ప్రవేశాల్లో ఓసీఐ పిల్లలు ఎన్నారై సీట్లకో, అదనంగా పెట్టిన సీట్లకో మాత్రమే అర్హులు. అంతకుముందే కార్డు ఉన్నవాళ్లకి ఇది వర్తించదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు తీసుకునే పిల్లలకి ఆ వెసులుబాటు లేదు.

ఈ-వీసాకి ఏడు ఎందుకంటే అది చెప్పిన పని చేస్తుంది, అంతకుమించి చేయదు. అధికారిక సైటు చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉండాలి. అచ్చం అలాగే కనబడుతూ రెండింతలు మూడింతలు గుంజే ప్రైవేటు సైట్లు వెతుకులాటలో పైన వస్తాయి. చంకలో బిడ్డకైనా విడి దరఖాస్తే. పాస్‌పోర్టు ఇంకా ఆరు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. పాస్‌పోర్టు పేజీ పీడీఎఫ్ 300 కేబీ దాటకూడదు. విశాఖ నెట్ సెంటర్లలో రంగు స్కాన్ తీసి నేరుగా పంపితే రెండు ఎంబీ వస్తుంది, తగ్గించమని ముందే చెప్పండి. పౌరసత్వం పుట్టుకతోనా, తర్వాత వచ్చిందా అనే ప్రశ్నకి నిజమే రాయాలి. తర్వాత వచ్చిందంటే పాత జాతీయత అడుగుతుంది, ‘భారత్’ అని పెట్టాలి. ‘పుట్టుకతోనే’ అని నొక్కేసి పుట్టిన దేశం భారత్ అని రాస్తే రెండు జవాబులూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఈ వీసా పొడిగించరు. ప్రయాణానికి కనీసం నాలుగు రోజుల ముందు పెట్టాలని నియమం, పది రోజులు పెట్టుకుంటే నిద్రపడుతుంది.

ఈ-వీసా మీద దిగగల విమానాశ్రయాల జాబితాలో విశాఖ ఉంది. సింగపూర్ మీదుగా వచ్చేవాళ్లు ఇక్కడే ఇమిగ్రేషన్ చూసుకోవచ్చు. హైదరాబాదులోనో ఢిల్లీలోనో దిగితే తనిఖీ అక్కడే అయిపోతుంది, విశాఖలో మామూలు దేశీయ ప్రయాణికులే. రుషికొండ వైపు హోటల్లో రెండు రోజులు దిగినా పిల్లల పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ నకలు అడుగుతారు. విదేశీయుల వివరాలు 24 గంటల్లో అధికారులకి పంపడం హోటలు వాళ్ల బాధ్యత. ఫోన్లో ఫోటో సరిపోతుందనుకోక ఒక జిరాక్సు సెట్టు ఉంచుకోండి.

ఆ జిరాక్సు సెట్టు ఇంకొకందుకూ కావాలి. పాస్‌పోర్టు పోతే పోలీసు ఫిర్యాదు రసీదు తీసుకుని హైదరాబాదు నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేటుకి వెళ్లాల్సిందే, ఆంధ్రప్రదేశ్ దాని పరిధిలోనే ఉంది. కొత్త పాస్‌పోర్టులో దేశంలోకి వచ్చిన ముద్ర ఉండదు కాబట్టి ఈ-వీసా మీద వచ్చిన బిడ్డకి ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్లో ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. దానికి పాత పాస్‌పోర్టు ఫోటో పేజీ, ముద్ర పడిన పేజీ నకళ్లు అడుగుతారు. ముద్ర పేజీ నకలు మాత్రం ఊళ్లో దిగిన రోజే తీయించి తాతయ్య బీరువాలో పెట్టండి.