ఇథాకాలో రెండు రోజులు: ఎజ్రా కార్నెల్ ఊరు

నేను టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయిన రోజు నాకు అన్నం సయించలేదు. అందుకే న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి "ఈసారి ఎక్కడికెళ్దాం నాన్నా?" అని అడిగితే నయాగరా అనలేదు, న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా అన్నాను. అమెరికాలో మొదటి టెలిగ్రాఫ్ లైను వేసిన ఎజ్రా కార్నెల్ స్థిరపడిన ఊరు అది. కార్నెల్ యూనివర్సిటీ పేరు మన పిల్లలందరికీ తెలుసు. దాన్ని స్థాపించిన ఈ కార్నెల్ ఎవరో తెలిసినవాళ్ళు తక్కువ.

న్యూజెర్సీలో మా అబ్బాయి ఉండే ఎడిసన్ ఊరి నుంచి కారులో నాలుగు గంటల పైన పట్టింది. అక్టోబరు కావడంతో దారి పొడవునా కొండలు ఎర్రగా, పసుపుగా మెరిసిపోతున్నాయి. మొదటి రాత్రి ఊరి బయట, హైవే పక్కన చవగ్గా దొరికిన మోటెల్‌లో దిగాం. అక్కడే పొరపాటు చేశాం. హీటరు రాత్రంతా కొట్టుకుంటూ ఆగిపోయేది. కౌంటర్‌లో చెబితే ఇంకో దుప్పటి ఇచ్చారు, అంతే. మా ఆవిడకి తెల్లవారేసరికి జలుబు పట్టుకుంది. రెండో రాత్రికి డౌన్‌టౌన్ దగ్గర ఒక పాత ఇంట్లో గది తీసుకున్నాం. అద్దె ఇంచుమించు రెట్టింపు, కానీ ఇచ్చిన డబ్బుకి న్యాయం జరిగింది. ఆ ఇంటావిడ మేము శాకాహారులమని ముందే అడిగి తెలుసుకుని, ఉదయం వేడి ఓట్స్, పళ్ళు, గుడ్డు లేని రొట్టె పెట్టింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఊళ్ళోనే ఉండండి. అక్కడ ప్రతి వీధీ ఎత్తే.

ముందుగా ఇథాకా ఫాల్స్ చూశాం. 150 అడుగుల జలపాతం ఊరి మధ్యలోనే ఉంది, టికెట్ లేదు. కార్నెల్ కథ ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. 1828లో, 21 ఏళ్ళ వయసులో, వడ్రంగి పని వెతుక్కుంటూ ఈ ఊరొచ్చాడు. ఈ జలపాతం దగ్గరున్న మిల్లుల్లో చేరి, వాటికి నీళ్ళు అందించడానికి రాతి కొండలో సొరంగం తవ్వించాడు. క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలో పుట్టినవాడు. 1831లో ఆ శాఖ బయటి అమ్మాయి మేరీ ఆన్‌ని పెళ్ళాడితే వాళ్ళు వెలివేశారు. తర్వాత మిల్లు ఉద్యోగం పోయింది. నాగళ్ళ పేటెంటు హక్కులు అమ్ముకుంటూ ఉత్తరాన మేన్ రాష్ట్రం దాకా, దక్షిణాన జార్జియా రాష్ట్రం దాకా తిరిగాడు.

ఆ నాగలే అతని జీవితాన్ని మలుపు తిప్పింది. 1843లో వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి శామ్యూల్ మోర్స్ కనిపెట్టిన టెలిగ్రాఫ్ లైను వేయడానికి అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) 30,000 డాలర్లు ఇచ్చింది. భూమిని చీల్చి, తీగలున్న సీసపు గొట్టాన్ని పాతి, పైన మట్టి కప్పే నాగలిని కార్నెల్ తయారుచేశాడు. పని మొదలయ్యాక తీగలకు ఇన్సులేషన్ (కరెంటు బయటికి పోకుండా ఉంచే తొడుగు) నిలవడం లేదని తేలింది. అప్పుడు స్తంభాలు పాతి, గాజు ఇన్సులేటర్ల మీద తీగ లాగారు. 1844 మే 24న మొదటి సందేశం వెళ్ళింది. తీగ తడిస్తే సిగ్నల్ ఎలా చచ్చిపోతుందో వానాకాలాల్లో నేనెన్నోసార్లు చూశాను. కాబట్టి అతని టెన్షన్ నాకు తెలిసినట్టే అనిపించింది. తర్వాత లైన్లు వేస్తూ, జీతం బదులు షేర్లు తీసుకుంటూ, ఏళ్ళ తరబడి అప్పుల్లో నలిగాడు. 1856లో వెస్టర్న్ యూనియన్ అనే టెలిగ్రాఫ్ కంపెనీ ఏర్పడ్డాకే చేతికి డబ్బొచ్చింది.

క్యాంపస్‌కి నడిచి ఎక్కాలనుకోకండి, సిటీ బస్సు ఎక్కండి. నేను నడిచాను, మోకాళ్ళు రెండు రోజులు నొప్పి పెట్టాయి. క్యాంపస్ మధ్యలోని ఆర్ట్స్ క్వాడ్ అనే పచ్చిక మైదానంలో కార్నెల్ విగ్రహం ఉంది, వెనకాల టెలిగ్రాఫ్ యంత్రంతో సహా. ఎదురుగా యూనివర్సిటీ మొదటి అధ్యక్షుడు ఆండ్రూ వైట్ విగ్రహం. రాత్రిపూట ఇద్దరూ దిగొచ్చి చేతులు కలుపుతారని విద్యార్థులు మధ్యలో పాదాల గుర్తులు వేస్తారు. కార్నెల్ పీఠం మీద వేలితో అతని పేరు మోర్స్ కోడ్‌లో (టెలిగ్రాఫ్ చుక్కలు, గీతల భాషలో) కొట్టాను. మా అబ్బాయి నవ్వలేదు, ఇంకోసారి కొట్టమన్నాడు.

నిజానికి మొదట వీళ్ళిద్దరికీ పొసగలేదు. 1862, 63లో న్యూయార్క్ రాష్ట్ర అసెంబ్లీలో ఉండి, 1864లో కార్నెల్ రాష్ట్ర సెనేట్‌కి వచ్చాడు. వ్యవసాయ కమిటీ ఇతనిది, విద్యా కమిటీ వైట్‌ది. కాలేజీలు పెట్టడానికి రాష్ట్రాలకు భూమి ఇచ్చే మోరిల్ చట్టం కింద న్యూయార్క్‌కి వచ్చిన భూమిని రెండు కాలేజీలకు పంచాలని కార్నెల్, పంచితే దేనికీ చాలదని వైట్. చివరికి వైట్ మాటకి ఒప్పుకుని, యూనివర్సిటీ కోసం కార్నెల్ తన 5 లక్షల డాలర్లు కూడా ఇచ్చాడు. బిల్లు గట్టెక్కడానికి ఇంకో కాలేజీకి 25,000 డాలర్లు ఇవ్వాలని షరతు పెడితే అదీ కట్టాడు. 1865 ఏప్రిల్ 27న యూనివర్సిటీకి చార్టర్ (స్థాపన అనుమతి పత్రం) వచ్చింది, 1868 అక్టోబరు 7న తలుపులు తెరిచారు. అయితే ఆ భూములు అంతకుముందు అక్కడి ఆదివాసులవి. క్యాంపస్ ఉన్న నేల కయూగా ప్రజలది. గైడుగా వచ్చిన అమ్మాయి ఆ మాట అడక్కుండానే చెప్పింది. ఆ టూరు ఉచితం, తప్పక వెళ్ళండి.

1867లో రాష్ట్ర రాజధాని ఆల్బనీ నుంచి కార్నెల్ తన చిన్నారి మనవరాలికి రాసిన ఉత్తరంలో, ఇక్కడ అబ్బాయిలతో పాటు అమ్మాయిలు కూడా చదవాలని రాశాడట. శాసనసభ పనుల మధ్య నాలుగేళ్ళ పిల్లకి అలాంటి ఉత్తరం రాసిన తాత నాకు బాగా నచ్చాడు. చివరి రోజుల్లో రైలు మార్గాల్లో పెట్టిన డబ్బు పోయింది. భూముల వ్యవహారంలో నిందలు పడితే విచారణ జరపమని తనే కోరాడు. 1874 డిసెంబరులో పోయాడు. కట్టించుకుంటున్న పెద్ద ఇంట్లో ఉండే యోగం దక్కలేదు. సమాధి క్యాంపస్‌లోని సేజ్ చాపెల్ అనే ప్రార్థనా మందిరంలో ఉంది. మేము వెళ్ళినప్పుడు లోపల ఎవరూ లేరు. మా ఆవిడ చెప్పులు విప్పి బయట పెట్టి వచ్చింది.

తిండి విషయానికొస్తే, మేము వెళ్ళిన ఇండియన్ హోటల్ పర్వాలేదు, కూరలు తియ్యగా ఉన్నాయి. శనివారం సరస్సు ఒడ్డున జరిగే రైతుల సంత మాత్రం బ్రహ్మాండం. వెంట తీసుకెళ్ళిన పులిహోర అక్కడే బల్ల మీద కూర్చుని తిన్నాం.

తిరుగు ప్రయాణానికి ముందు టాగనక్ జలపాతానికి వెళ్ళాం. 215 అడుగులు, నయాగరా కంటే ఎత్తు. దిగువ దాకా వెళ్ళే దారి ముప్పావు మైలు, అంతా చదునే, నా మోకాళ్ళకి కూడా ఇబ్బంది కాలేదు. చలికాలంలో కొన్ని లోయ దారులు మూసేస్తారు కాబట్టి అక్టోబరు దాటకుండా వెళ్ళండి.