పాకాల చెరువు నడక: సారుకు పూర్తి మార్కులు, కరపత్రానికి సున్నా

హన్మకొండకు చెందిన ఒక చిన్న బృందం ఆదివారాల్లో పాకాల చెరువు దగ్గర నడిపిస్తున్న జీవపరిణామ నడక గురించి ఈ సమీక్ష. మనిషికి ఆరు వందల రూపాయలు తీసుకుని, తెల్లవారుజామున హన్మకొండ చౌరస్తాలో వ్యాన్ ఎక్కించుకుంటారు. మధ్యాహ్నం భోజనాల వేళకు తెచ్చి అక్కడే దింపుతారు. ఈ మధ్యలో ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు చెరువు గట్టు వెంట నడుస్తూ, కనిపించిన ప్రతి జీవి శరీరం ఆ తీరుగా ఎందుకుందో నవ్విస్తూ వివరిస్తారు. పక్షుల పేర్లు చెప్పి, ఫొటోలు తీయించి పంపే నడకలు మనకు కొత్త కాదు గాని, పేరు దగ్గర ఆగకుండా ఆ ముక్కు అట్లా ఎందుకుంది, ఆ వేళ్లు అంత పొడుగెందుకు అన్న ప్రశ్నతోనే మొదలయ్యే నడక ఈ చుట్టుపక్కల నేనైతే మరొకటి చూడలేదు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి పరిణామం పాఠాన్ని తీసేసిన సంగతి గుర్తున్న తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని రావడం సహజమే. మా వ్యాన్‌లో సగం మంది అట్లా వచ్చినవాళ్లే.

ఇటువంటి కార్యక్రమాన్ని తూచవలసిన తూకం ఒకటుంది. జంతువుకు మనిషి బుద్ధులు అంటగడితే వెంటనే నవ్వు పుడుతుంది. కానీ అంటగట్టిన మరుక్షణమే ఆ జంతువు ఏదో కోరుకుని, ఆలోచించి, తన శరీరాన్ని తీర్చిదిద్దుకున్నదన్న భావన వినేవారి మనసులో పడిపోతుంది. పరిణామంలో కోరికకు చోటు లేదు. ఒకే జాతిలో పుట్టుకతో వచ్చిన చిన్న చిన్న తేడాల్లో, ఏ తేడా ఉన్నవాటికి ఎక్కువ పిల్లలు మిగిలితే ఆ తేడా తరతరాలకు పాకుతుంది, అంతే. కాబట్టి నవ్వించడం కోసం అబద్ధం చెప్పకుండా ఉండగలిగారా లేదా అన్నదే నేను వెళ్లేటప్పుడు మనసులో పెట్టుకున్న పరీక్ష. సారు దీనికి ఒక ఊతపదం సిద్ధంగా పెట్టుకున్నారు. ఎవరైనా ‘జిరాఫీ పై ఆకులు అందుకుందామని మెడ పెంచుకుంది’ అనగానే, ఆయన వెనక్కి తిరిగి ‘ఎవల్ని అడిగి పెంచుకుంది?’ అంటారు. తొమ్మిదింటికల్లా వ్యాన్‌లోని పిల్లలంతా అదే మాట అనడం మొదలుపెట్టారు.

పాఠం నర్సంపేట చేరకముందే వ్యాన్‌లో మొదలైంది. బొటనవేలిని చిటికెనవేలికి ఆనించి మణికట్టును కాస్త లోపలికి వంచమన్నారు. మణికట్టు నడుమ తాడులా ఉబికే స్నాయువు పాల్మారిస్ లాంగస్ అనే కండరానిదని, నూటికి సుమారు 14 మందికి అది ఉండదని, ప్రాంతాన్ని బట్టి ఈ లెక్క బాగా మారుతుందని, లేనివారి పట్టుకు వచ్చిన లోటేమీ లేదని, అందుకే వైద్యులు వేరేచోట స్నాయువు తెగితే దీన్ని తీసి అక్కడ అతుకుతారని చెప్పారు. చాయ్ కోసం ఆపినప్పుడు డ్రైవర్ తన రెండు చేతులూ వంచి చూసుకుని, ఏ చేతికీ లేదని గాభరాపడ్డాడు. సారు అతని భుజం తట్టి, ‘నీకేం గాలే తమ్మీ, మేం ఇంకా పాత సామాను మోస్తున్నం, నువ్వు దించేసినవ్’ అన్నారు. అంతటితో వదిలేయకుండా, పరిణామంలో ముందున్నవాడు, వెనుకబడ్డవాడు అంటూ ఎవరూ ఉండరని వెంటనే సరిచేశారు. నవ్వు తర్వాత వచ్చే ఈ సవరణే ఆయన ప్రత్యేకత.

13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు ఇది. వానలు దంచి కొట్టిన తర్వాత నిండుగా ఉన్నప్పుడు చూడాలి. గట్టు ఎక్కగానే నీళ్లలో నిలిచిన ఒక మోడు మీద నీటి కాకులు రెక్కలు బార్లా చాపి కూర్చున్నాయి. ‘చేపలు పట్టి బతికే పక్షికి తడవని ఈకలు ఉండొద్దా? బాతుకున్నయి, దీనికి లెవ్వు. కోట్ల ఏండ్ల సర్వీసైనా రెయిన్‌కోటు శాంక్షన్ గాలే’ అని సారు అన్నప్పుడు అందరం నవ్వాం గాని, అసలు పాఠం ఆ తర్వాతే వచ్చింది. నీటి కాకి ఈకల వెలుపలి అంచులు తడిసి, వాటి సందుల్లోని గాలి బయటికి పోతుంది. గాలి తగ్గితే తేలే గుణం తగ్గి, మునిగి చేపను తరమడం తేలికవుతుంది. చర్మానికి దగ్గరగా ఉన్న భాగం మాత్రం పొడిగానే ఉంటుంది. బాతుకున్న సౌకర్యం దీనికి ఉంటే నీటి లోపల ఆ గాలితోనే కుస్తీ పట్టాల్సి వచ్చేది. లోపంగా మొదలైన కథ బేరంగా తేలింది, ఆ బేరానికి కట్టే వెలే ఎండలో రెక్కలారబెట్టుకునే సమయం.

నత్తగుల్ల కొంగ దగ్గర మరికొంత సేపు ఆగాం. ఈ పక్షి ముక్కు మూసినా నడుమ సందు కనిపిస్తుంది. అడకత్తెరలో పోకను నొక్కినట్టు ఆ సందులో నత్తను పెట్టి చితకగొడుతుందని పూర్వం అనుకునేవారు. గట్టు వాలులో మేం ఏరిన నత్త గుల్లల్లో చాలావాటికి చిన్న పగులు కూడా లేదు. కొంగ కింది దవడ కొసను గుల్ల మూత పక్కనుంచి దూర్చి, లోపలి కండరాన్ని తెంపి, మెత్తటి భాగాన్ని బయటికి లాగుతుంది. కొంగ పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. సందు వల్ల ముక్కు కొసలకు పట్టు పెరుగుతుందన్నది ఒక వివరణ అని చెప్పి, ‘ఒక వివరణ’ అన్న మాటను సారు రెండోసారి నొక్కి పలికారు. తెలిసినదానికీ ఊహకూ మధ్య గీత గీసే గైడ్లు అరుదు.

అన్నిటికంటే ఎక్కువ సేపు గడిచింది గిజిగాడి గూళ్ల దగ్గర. దారి పక్కన వ్యవసాయ బావి మీదికి వంగిన ఈత చెట్టుకు పూర్తయినవీ సగంలో ఆగినవీ కలిసి గుత్తులుగా వేలాడుతున్నాయి. కింద రాలి ఉన్న ఒక సగం గూడును ఆయన మా చేతుల్లో పెట్టారు. అది కింది వైపు తెరిచి ఉన్న హెల్మెట్ ఆకారంలో ఉంది, ఆ దశకు పరిశోధకులు పెట్టుకున్న పేరు కూడా అదే. లోపల ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా అల్లిన గట్టి పట్టీ; ఈత ఆకు నుంచి చీల్చిన సన్నని పోచలు ఒకదాని కిందనుంచి ఒకటి దూరి, మళ్లీ పైకి తేలి, కొమ్మను పట్టుకున్న చోట చుట్టలుగా బిగిసి ఉన్నాయి. గోటితో ఒక ముడి విప్పబోయాను, పోచ తెగింది గాని ముడి రాలేదు. లోపలి గోడకు అతికించిన మట్టి ముద్ద ఎండి వేలికి గరుకుగా తగిలింది.

మగ గిజిగాడు గూడును ఇక్కడిదాకా అల్లి ఆపుతాడు. ఆడ పక్షి వచ్చి, లోపలికి దూరి, అటూ ఇటూ లాగి చూసి, నచ్చితే ఉంటుంది. అప్పుడే మగ పక్షి గుడ్లు పెట్టే గదిని మూసి, కిందికి పొడవాటి గొట్టం అల్లి పూర్తి చేస్తుంది. ఆ వెంటనే మరో గూడు మొదలుపెట్టి, మరో ఆడ పక్షి కోసం రెక్కలు కొడుతుంది. నచ్చని గూడు అట్లాగే సగంలో మిగిలిపోతుంది. ‘సగం కట్టి ఆపుడెందుకు? పిల్ల ఒద్దంటే మిగిలిన సగం గడ్డన్న మిగుల్తది గదా!’ అన్నారు సారు. ఇంత పనితనాన్ని చూసి ఆడ పక్షి అల్లిక నేర్పుకే మొగ్గుతుందని అందరం అనుకున్నాం. కానీ కనీసం ఒక అధ్యయనంలో అల్లిక కంటే గూడు ఉన్న చోటుకే ఆడ పక్షులు ఎక్కువ విలువ ఇచ్చాయని తేలిందట. ‘డిజైన్ తర్వాత, ముందుగాల ప్లాటు ఏడుందో చూస్తది’ అన్న సారు మాటకు, ఈ మధ్యే హన్మకొండలో ఇల్లు వెతికి విసిగిన ఒకాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. పాములు, కాకులు తేలికగా చేరలేని చోట, నీటి మీదికి వేలాడే కొస కొమ్మకు కట్టిన గూట్లో పిల్లలు ఎక్కువగా దక్కుతాయి గనుక, అటువంటి చోటును ఎంచుకునే గుణం తర్వాతి తరాల్లో పెరుగుతుంది. ఇక్కడ హాస్యం, శాస్త్రం ఒకే వాక్యంలో ఒదిగాయి.

జకానా దగ్గర మాత్రం సారు తన గీత తానే దాటారు. తామరాకుల మీద పొడవాటి వేళ్లతో బరువు పంచుకుంటూ నడిచే ఈ పక్షిలో గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ మగవాడే. ఆడ పక్షి ఒక మగవాడికి గుడ్లు అప్పగించి మరొకడి దగ్గరికి వెళుతుంది. దీన్ని చెబుతూ ఆయన భార్యాభర్తల మీద పాత పెళ్లి జోకులు వరుసగా వదిలారు. ఆడవాళ్లెవరూ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ‘ఆడది తెలివిగల్లది, పిల్లల్ని మొగనికి అంటగట్టింది’ అని ఆయన అనగానే, తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ‘ఎవల్ని అడిగి సార్?’ అంది. గట్టంతా నవ్వుతో నిండింది. సారు క్షణం ఆగి, దండం పెట్టి, మళ్లీ మొదటినుంచి చెప్పారు: తేలే ఆకుల మీద పెట్టిన గుడ్లు నీళ్ల పాలో, శత్రువుల పాలో కావడం మామూలు కాబట్టి, పొదిగే పని మగవాడి మీద ఉండి, వెంటనే మరో విడత గుడ్లు పెట్టగల ఆడ పక్షికి మొత్తం మీద ఎక్కువ సంతానం మిగిలి ఉండవచ్చునని. జోకుల కంటే ఈ రెండో వివరణే ఆసక్తిగా ఉంది.

టిఫిన్ గట్టు మీదే. సర్వపిండి మంచి రుచిగా ఉంది, నువ్వులూ పల్లీలూ దండిగా పడ్డాయి. కాకపోతే చల్లారి, అంచులు పంటికి లొంగలేదు. తింటుండగానే సారు బండ మీద సుద్దముక్కతో ఒక చేప, ఒక జిరాఫీ గీశారు. మెదడు నుంచి గొంతు పెట్టెకు వెళ్లే ఒక నరం ఎడమ వైపున ఛాతీలోకి దిగి, గుండె దగ్గరి బృహద్ధమనిని చుట్టి, మళ్లీ పైకి వస్తుంది. చేపలో దీనికి సమానమైన నరం మొప్పల రక్తనాళం వెనుకగా దాదాపు తిన్నగానే వెళ్లేది. తర్వాతి జీవుల్లో మెడ పెరిగింది, గుండె కిందికి జారింది, నాళం వెనుక చిక్కుకున్న నరం దానితోపాటు సాగింది. తెంపి దగ్గరి దారిన మళ్లీ కలిపే వీలు ఏ తరంలోనూ లేదు. జిరాఫీలో కొద్ది అంగుళాల దూరానికి ఈ నరం సుమారు నాలుగున్నర మీటర్లు తిరిగి వస్తుంది. మనలోనూ అదే చుట్టు. థైరాయిడ్ ఆపరేషన్‌లో సర్జన్లు ఈ నరాన్ని అంత జాగ్రత్తగా కాపాడేది, దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుందనే. ‘ఇంజనీరు గీసిన ప్లానైతే ఈపాటికి సస్పెండైతుండె’ అన్నారు సారు.

అక్కడితో ఆగకుండా, తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన కోటాసారస్‌ను గీశారు. 1988లో పి. యాదగిరి పేరుపెట్టిన ఈ డైనోసార్ సుమారు 9 మీటర్ల పొడవుది; దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. నరాలు శిలాజాలుగా మిగలవు గాని, చేపల నుంచి వచ్చిన వెన్నెముక జీవులన్నిటికీ ఈ చుట్టు ఉమ్మడి ఆస్తి కాబట్టి మన గోదావరి డైనోసార్ మెడలోనూ అది ఉండి తీరాలన్నది వాదన. ఎనిమిదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమయ్యేలా సాక్ష్యం నుంచి నిర్ధారణకు ఎట్లా వెళ్లాలో చూపిన భాగమిది.

ఆ తర్వాత ఇండోహయస్ అనే అంతరించిన జంతువు కథ. జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించిన రాళ్లలో చాలావరకు ఆయన బతికుండగా పగలగొట్టనేలేదు. ఆయన భార్య వాటిని థెవిస్సెన్ అనే పరిశోధకుడికి అప్పగించారు. ప్రయోగశాలలో పుర్రెను శుభ్రం చేస్తుండగా చెవి ఎముక పగిలి, లోపల తిమింగలాల్లో కనిపించే మందపాటి గోడ బయటపడింది. 2007లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం, పిల్లి పాటి పరిమాణమున్న ఆ గిట్టల జంతువు తిమింగలాల వంశానికి దగ్గరి చుట్టం. వ్యాన్‌లో ఒకాయన ‘అంటే తిమింగలానికి తాత’ అనగానే, తాత కాదు, తాతకు దగ్గరి చుట్టమని సారు దిద్దారు. తిరుగుదారిలో ఎలుగుబంటి తవ్విన పుట్ట, ఎలుగు నోట్లో పై వరుసలో నడిమి రెండు పండ్లు లేకపోవడం, ఆ ఖాళీలోంచి చెదలను పీల్చుకోవడం గబగబా చెప్పేశారు. అప్పటికి ఆయన గొంతు కూడా సహకరించడం మానేసింది.

ఇక లోపాలు. వ్యాన్ ఆలస్యంగా వచ్చింది, ఫోన్ చేస్తే ‘దగ్గర్లోనే ఉన్నం’ అన్న జవాబు తప్ప వివరం లేదు. బైనాక్యులర్లు నలుగురికి ఒకటి చొప్పున కూడా లేవు. మెగాఫోన్ వాడడం వల్ల పిల్లలకు వినిపించింది నిజమే గాని, రెండు చోట్ల పక్షులు లేచిపోయాయి. బృందాన్ని సగానికి తగ్గిస్తే మెగాఫోనే అక్కర్లేదు. గట్టు చుట్టుపక్కల మరుగుదొడ్డి కోసం ఎక్కడ ఆగుతారో ముందే చెప్పకపోవడం ఆడవాళ్లకు ఇబ్బంది.

వీటన్నిటినీ సర్దుకోవచ్చు, కరపత్రాన్ని కాదు. దిగేటప్పుడు పిల్లల చేతిలో పెట్టిన రంగుల కాగితం మీద వంగిన కోతి మెల్లగా నిటారై మనిషిగా మారే పాత బొమ్మ వేసి, కింద ‘మనిషి కోతి నుంచి పుట్టాడు’ అని అచ్చువేశారు. మనకూ ఇప్పటి కోతులకూ ఒకప్పుడు ఉమ్మడి పూర్వీకులు ఉండేవారని, ఆ తర్వాత దారులు వేరయ్యాయని, ఎవరూ ఎవరి వైపూ మెట్లెక్కడం లేదని సారు ఉదయమంతా చెమటోడ్చి చెప్పినదాన్ని ఆ ఒక్క కాగితం చెరిపేస్తుంది. ఇంటికి చేరేది ఆ కాగితమే. ఆయనను అడిగితే, ప్రింటింగ్ వేరేవాళ్లు చూసుకున్నారని, తాను చూడలేదని అన్నారు. నిర్వాహకులు ఆయనకు ప్రూఫు చూపిస్తే పది నిమిషాల్లో తీరే సమస్య.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఏడో తరగతి దాటిన పిల్లలకు, ప్రశ్నలడగడానికి వెనుకాడని పెద్దలకు ఆరు వందలు గిట్టుబాటే. మరీ చిన్నపిల్లలు గిజిగాడి దగ్గర ఉత్సాహంగా ఉంటారు గాని నరం పాఠానికి నిద్రపోతారు. గిజిగాళ్ల అల్లిక చూడాలంటే వానాకాలంలోనే వెళ్లాలి. బైనాక్యులర్లు ఉంటే సొంతవి తీసుకెళ్లండి, నిండు చేతుల చొక్కా వేసుకోండి, డబ్బు కట్టేముందు రద్దు చేసుకుంటే ఎంత తిరిగి ఇస్తారో అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఆ సంగతి వాళ్లు ఎక్కడా రాయలేదు.